నీళ్ళు తగలకుండా సోలాపూర్ దాకా

2025 సెప్టెంబరు 19, శుక్రవారం, పొద్దున నాలుగు గంటల నలభై నిమిషాలకు హనుమకొండలో మా గేటు ముందు ఆటో ఎక్కాను. భాద్రపద బహుళ త్రయోదశి. చినుకులు పడుతున్నాయి. నా ఒళ్ళో ఒక బొమ్మ ఉంది. మూడడుగుల పొడుగు, రెండున్నర అడుగుల ఎత్తు. చెక్క చట్రానికి బిగించిన కోరా గుడ్డ మీద వేసింది. దానికి పాత దుప్పటి చుట్టి, దుప్పటి మీద పాలిథిన్ కవరు చుట్టి, తాడు కట్టాను. ఆటో డ్రైవరు వెనక పెడతానన్నాడు. వద్దన్నాను.

బొమ్మ వేసింది విమల. ఆమె, నేను ఒకే బడిలో పనిచేశాం. నేను లెక్కలు చెప్పేదాన్ని, ఆమె డ్రాయింగు చెప్పేది. రిటైరయ్యాక కూడా పక్కపక్క వీధుల్లోనే ఉన్నాం. జూన్‌లో ఆమె బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఇక ప్రయాణాలు లేవని డాక్టరు చెప్పిన రోజు నన్ను పిలిచి, మంచం కింది నుంచి ఈ బొమ్మ తీయించింది.

"అక్కా, ఇది సోలాపూర్ల మా అక్క ఇంట్ల ఉండాలె. ఆమె గోడకు పెట్టుకుంటె పెట్టిచ్చి రా. పెట్టుకోకుంటె తిరిగి తీస్కరా. బతిమిలాడకు."

ఇంకో షరతు కూడా పెట్టింది. అవి జిగురు నీళ్ళలో కలిపిన పొడి రంగులు. వయసులో ఉన్నప్పుడు నూనె రంగులు కొనే స్తోమత లేదు. తడి తగిలితే లేచి వస్తాయి. "ఒక్క చుక్క గూడ పడొద్దు" అంది. బొమ్మకు అద్దం బిగిద్దామంటే ఒప్పుకోలేదు. అద్దం వేస్తే చూసేవాడి మొహమే కనిపిస్తుందట.

బొమ్మలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. అయితే మనకు తెలిసిన బతుకమ్మ బొమ్మ కాదు. పూలు లేవు, పట్టుచీరలు లేవు. నేలంతా ఎర్రగా ఉంటుంది. నడుమ బతుకమ్మ ఉండాల్సిన చోట నలుపు. చప్పట్లు కొట్టే చేతులు మోకాళ్ళ దాకా సాగి ఉంటాయి. ఒకామె మొహం నీలం, ఒకామెది పసుపు. అందరికన్నా ముందున్న ఆమె మొహం పచ్చగా ఉంటుంది, నోరు బావిలా తెరిచి ఉంటుంది, నుదురు బోసిగా ఉంటుంది. పక్క అంచు నుంచి ఒక్క చెయ్యి మాత్రం లోపలికి వచ్చి ఆమె జబ్బ పట్టుకుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో కనపడదు. పూర్తి చెయ్యకుండా వదిలేసిన మనిషి అనుకునేదాన్ని.

ఈ పద్ధతిని ఎక్స్‌ప్రెషనిజం అంటారట. కంటికి కనిపించినట్టు కాకుండా మనసుకు తగిలినట్టు గీయడం. స్టాఫ్ రూములో ఒకసారి నేను, "మనిషి చేతులు అంత పొడుగుంటాయా విమలా?" అని అడిగాను. "కొలతకు గాదక్కా, బరువుకు గీసిన" అంది. లెక్కల టీచరుకు అది జవాబు కాదు. అయినా మర్చిపోలేదు.

ఈ బొమ్మ ఫోటో ఒకప్పుడు ఒక పేపర్లో పడింది. సోలాపూర్‌లో ఉన్న విమల అక్క అంబుబాయి అది చూసి కబురు పంపింది: "అమ్మను దయ్యం చేసినవ్. నా గడప తొక్కకు." అప్పటినుంచి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు.

రైల్లో మజ్జిగ

సికింద్రాబాద్‌లో బండి మారాను. తాండూరులో ఎదురు సీట్లోకి భార్యాభర్తలిద్దరు ఎక్కారు. కూతురు పురిటికి కలబురిగి పోతున్నారు. ఆయన చాలాసేపు నా కట్టను చూసి అడిగాడు:

"టీవీనా అమ్మా?"

"కాదు."

"దేవుని ఫోటోనా?"

"కాదు. ఆడవాళ్ళు ఆడుతున్న బొమ్మ."

"అట్లయితె విప్పుండ్రి, జర చూస్తం. తాండూరు దాటినంక చూసెటందుకు ఏమున్నది, బండలు తప్ప."

తాడు విప్పాను. ఆయన తల పక్కకు వంచి చూసి, "కల్లు ఎక్కువైనట్టున్నది వీళ్ళకు" అన్నాడు. భార్య ఆయన మోకాలి మీద ఒక్కటిచ్చింది. "నీకు అన్నిట్ల కల్లే కనవడ్తది" అని, వంగి దగ్గరగా చూసింది. కాసేపటికి నెమ్మదిగా అంది: "ఈ పచ్చ మొఖమామె ఆడుతలేదమ్మా. నిలవడ్డది గంతె. చుట్టున్నోళ్ళే తిరుగుతున్నరు."

ఆ తర్వాత ఆమె అన్నాల మూట విప్పింది. జొన్నరొట్టె, వంకాయ కూర. నాకూ పెట్టింది. మజ్జిగ సీసా మూత తిప్పగానే అది బుస్సున పొంగింది. నేను చేతిలో ఉన్న గొడుగు విప్పి బొమ్మకు అడ్డం పెట్టాను. మజ్జిగంతా గొడుగు మీద, నా చీర మీద పడింది. బొమ్మ మీద చుక్క పడలేదు. ఆమె ఒకటే నొచ్చుకుంది. ఆయన మాత్రం, "రైల్ల గొడుగు విప్పినోళ్ళను ఇప్పుడే చూస్తున్న" అని కలబురిగి దాకా నవ్వాడు. గొడుగును ఆరడానికి కిటికీ ఊచకు తగిలించి, అక్కడే మర్చిపోయి దిగాను. మూడువందల నలభై పెట్టి కొన్నది.

కుంఠా నాకా

సోలాపూర్‌లో ఆటో అతను నూటయాభై అడిగాడు. హిందీలో బేరమాడుతుంటే, "తెల్గోళ్ళేనా అవ్వా? ముందే చెప్పొద్దా! నూటిరవై ఇయ్యున్రి" అన్నాడు. దారి పొడుగునా బోర్డులన్నీ మరాఠీలో ఉన్నాయి. బోర్డుల కింద కూర్చున్నవాళ్ళ మాటలు మాత్రం మా జిల్లా మాటలే. "మా తాత ఆడికెల్లే వచ్చిండు. ఏ ఊరో నాకెర్క లేదు. తెల్గు మాత్రం ఇడిసిపెట్టలే" అన్నాడు అతను.

కుంఠా నాకా దగ్గర్లో మరమగ్గాల చప్పుడు మొదలైంది. గోడ మీద చెయ్యి పెడితే గోడ అదురుతోంది. మా వైపు నేతవాడల్లో నేను చిన్నప్పుడు విన్న చప్పుడు వేరు, అది మనిషి కాలు ఆడే చప్పుడు. ఆ వాడల్లో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. ఇక్కడ ఒకరితో ఒకరు మాట్లాడాలంటే అరవాలి. అందుకే కాబోలు ఈ వాడలో మామూలు మాట కూడా తగాదాలా వినపడుతుంది.

అంబుబాయి ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాటలు ఆగవు, వేళ్ళూ ఆగవు. డెబ్బై ఎనిమిదేళ్ళ అంబుబాయి వాళ్ళ మధ్య కూర్చుని తునికాకులు కత్తిరిస్తోంది. సన్నటి మనిషి, ముక్కు సూటిగా ఉంది, విమల ముక్కే. నేను ఎవరినో, విమల కాలు విరిగి ఎందుకు రాలేకపోయిందో చెప్పాను. ఆమె నన్ను చూసింది, కట్టను చూసింది.

"నువ్వు రా టీచరమ్మా. పావుణే, ఇంటికొచ్చిన సుట్టాలు, దేవుడసొంటోళ్ళు. మనిషి రావొచ్చు. గా బొమ్మ రావొద్దు."

"అంబుబాయి గారూ, వాన పడుతోంది. అది తడవకూడదు."

"తడిస్తె తడవనీ. దయ్యాలకు జలుబైతదా?"

బీడీలు చుట్టేవాళ్ళు నవ్వారు. బతిమిలాడవద్దని విమల చెప్పింది కనుక నేను బతిమిలాడలేదు. కొంగు కప్పుకుని, కట్టను ఒళ్ళో పెట్టుకుని, అరుగు చివర కూర్చున్నాను. పది నిమిషాలు గడవకముందే పక్కింటి రాజన్న వచ్చాడు. ఆయనకు దుప్పట్లు నేసే నాలుగు మరమగ్గాలున్నాయి. "అవ్వతోని పెట్టుకోకున్రి టీచరమ్మా, ఓడిపోతరు. మా షెడ్డుల పెడ్త తీయున్రి, ఆడ సుక్క పడది" అని కట్టను ఎత్తుకుపోయాడు. పాలిథిన్ లోపల చెమ్మ పట్టిందేమోనని నేనే చుట్టినవన్నీ విప్పి, బొమ్మను గోడకు ఆనించి వచ్చాను.

నాకు ఏ లోటూ రాలేదు. అంబుబాయి కోడలు సునంద జొన్న భాకరీ, అంటే మన జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టింది. ఇక్కడ భాకరీని ఎండబెట్టి అప్పడంలా కరకరలాడేట్టు చేసి దొంతరలుగా కూడా అమ్ముతారు, నెల రోజులు నిలవుంటుందట. పల్లీల కారం కిలో మూడువందల ఇరవై. మా దగ్గర పల్లీ పచ్చడి పొద్దున చేస్తే సాయంత్రానికి పారేస్తాం.

గోడకు వరసగా ఫోటోలున్నాయి: అంబుబాయి అత్తమామలు, భర్త, తండ్రి. తండ్రి ఫోటో మిల్లు గుర్తింపు కార్డులోంచి పెద్దది చేయించింది. దాని పక్కన మేకుకు ఏమీ లేదు. కింద చిన్న చెక్క మీద ఒక ఇత్తడి చెంబు ఉంది. అదేమిటని అడిగాను.

"మా అమ్మ" అంది అంబుబాయి. "ఫోటో ఎన్నడు దిగలే. పెత్తరమాస నాడు చెంబుకే బొట్టు పెడ్తం."

అప్పుడు నాకు తెలిసింది. ఆ తల్లికి ఈ లోకంలో ఉన్నది ఒక్కటే మొహం, విమల గీసిన పచ్చ మొహం.

కొంతం చౌక్ నుంచి వచ్చేసరికి

శనివారం పొద్దున సునందతో కొంతం చౌక్ పోయాను. మర్నాడు పెత్తరమాస. పెద్దలకు పెట్టే రోజు, సాయంత్రం బతుకమ్మ పండగ తొలిరోజు ఆడే ఎంగిలిపూల బతుకమ్మ. గుమ్మడికాయ, చిక్కుడుకాయ, బంతిపూలు కొన్నాం. బంతిపూలు పావుకిలో నలభై చెప్పింది పూలామె. సునంద మరాఠీలో ఏదో అంటే ముప్పైకి దిగింది, నేను తెలుగులో ఏదో అంటే మళ్ళీ ముప్పైఅయిదుకు ఎక్కింది. "మీరు జర సప్పుడు చేయకున్రి పిన్నీ" అంది సునంద.

తిరిగొచ్చేసరికి అరుగు మీద అంబుబాయి లేదు. రాజన్న షెడ్డులో ఉంది. బొమ్మ ముందు గొంతుక్కూర్చుని ఉంది.

నేను చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. నీళ్ళ గురించి ఆలోచించాను గాని మగ్గాల గాలి గురించి ఆలోచించలేదు. ఒక్క రాత్రిలో బొమ్మంతా తెల్లటి నూలు పీచు పట్టింది. ఆడేవాళ్ళందరి జుట్టూ నెరిసినట్టుంది. అంబుబాయి రెండు వేళ్ళతో తల్లి మొహం మీది పీచు ఒక్కొక్కటే తీస్తోంది. నేను వచ్చింది చూసి కూడా ఆపలేదు.

"టీచరమ్మా, ఈ చెయ్యి ఎవరిదో ఎర్కేనా?" మగ్గాల చప్పుడు మీదుగా అరిచి అడిగింది.

"పూర్తి చెయ్యని మనిషిది అనుకున్నాను."

"పూర్తి జేసిందే. నాది. గాజులు చూడు, అన్ని పచ్చయి, నడుమ ఒక్కటి ఎర్రది. పచ్చది పగిలితె నాయిన ఎర్రది తెచ్చిండు."

తర్వాత చెప్పింది. తండ్రి జ్వరంతో పోయిన నెలకే బతుకమ్మ వచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. మొగుడు పోయిన మనిషి ఆటలోకి అసలే పోదు. కాని ఎనిమిదేళ్ళ విమల వాకిట్లో నిలబడి ఏడ్చింది. పిల్ల ఏడుపు చూడలేక తల్లి దాని చెయ్యి పట్టుకుని వెళ్ళి వలయంలో నిలబడింది. పాట ఆగలేదు, కాని చప్పట్లు తగ్గాయి. తల్లి పాడదామని నోరు తెరిచింది. గొంతు రాలేదు. తెరిచిన నోరు అట్లాగే ఉంది.

"అందరు చూస్తున్నరు. నాకు పద్దెనిమిదేండ్లు. సిగ్గైంది. ఉర్కచ్చి జబ్బ పట్టి గుంజిన. ఇంట్లకు తెచ్చి తలుపేసిన. అమ్మ మల్ల ఎన్నడు ఆడలే." బొమ్మలో చేతిని చూపించింది. "ఇది పేపర్ల చూసిన నాడే గుర్తువట్టిన. దయ్యమని తిట్టింది అమ్మ మొఖాన్ని గాదు. దీన్ని. నన్ను దొంగ లెక్క గీసింది. మొఖం గూడ ఇయ్యలే."

నేను విమలకు ఫోన్ చేశాను. ఏమీ వినపడలేదు. రాజన్న చూశాడు, ఏమీ అడగకుండా వెళ్ళి నాలుగు మగ్గాలూ ఆపేశాడు. దుప్పటి సగంలో ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"అక్కా" అంది విమల.

అంబుబాయి ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత ఒక్కసారిగా, "నన్ను మొండి చెయ్యి చేసినవ్ కదనే" అంది.

"మొఖం గీస్తె వాడకట్టంత నువ్వేనని గుర్తుపడ్తరని గీయలేదక్కా. నువ్వు పట్టుకోకపోతె అమ్మ ఆడనే పడిపోతుండె."

"పట్టుకోలే. గుంజిన."

"నువ్వు గుంజినవేమో. నాకు ఎనిమిదేండ్లు. పక్కన నిలవడి అమ్మ కాళ్ళు వణుకుడు చూస్తున్న. ఆడున్నోళ్ళందర్ల నువ్వొక్కదానివే వచ్చి ముట్టుకున్నవ్. నాకు కనవడ్డది గీసిన. బొమ్మ మొత్తంల మనిషి రంగు ఎవలకన్న ఉన్నదా చూడు."

అంబుబాయి చూసింది. నేనూ చూశాను. ఇన్నేళ్ళు చూసిన బొమ్మే. ఒకామె నీలం, ఒకామె పసుపు, తల్లి పచ్చ. ఆ ఒక్క చెయ్యి మాత్రం చామనఛాయ. ఎండలో తిరిగే ఆడపిల్ల చెయ్యి ఎలా ఉంటుందో అట్లాగే ఉంది. పొడుగు సాగలేదు, వంకర పోలేదు. బొమ్మ మొత్తంలో కొలతకు గీసింది అదొక్కటే.

అంబుబాయి వేళ్ళకంటిన పీచు కొంగుకు తుడుచుకుంది.

"తిన్నవా?" అంది అంబుబాయి.

"తిన్న."

"కాలెట్లున్నది?"

"నడుస్త లేదక్కా."

"ముసల్దానివైనవ్" అని ఫోన్ నాకు ఇచ్చేసి, బొమ్మను రెండు చేతులతో ఎత్తుకుంది. రాజన్న సాయం రాబోతే, "నకో, వద్దు" అని మోచేత్తో తోసింది. గడప దాటించి, తండ్రి పక్కనున్న ఖాళీ మేకుకు తనే తగిలించింది. చెంబు తీసి వంటింట్లో పెట్టింది. దుప్పట్లు నేసే ఇళ్ళలో మేకులు గట్టివే ఉంటాయి.

నేను ఆమెకు, సునందకు విడివిడిగా చెప్పాను: నీళ్ళు తగలకూడదని. ఇద్దరూ తల ఊపారు.

పెత్తరమాస

ఆదివారం తెల్లవారి నేను స్నానం చేసి వచ్చేసరికి గోడ మీది ఫోటోలన్నీ తళతళలాడుతున్నాయి. ఏటా ఫోటోలు తుడిచి బొట్లు పెట్టేది సునంద. అంబుబాయి భర్త పోయినప్పటినుంచి ఆ పని ముట్టుకోలేదట. ఈసారి తనే చేసింది. స్టూలు మీద నిలబడి ఉంది. ఎడమ చేతిలో తడిగుడ్డ, కుడి చేతి ఉంగరపు వేలికి కుంకుమ. తల్లి మొహం మీద గంధం, కుంకుమ ఉన్నాయి.

గుడ్డ పచ్చగా ఉంది.

"నీళ్ళు తగలొద్దని చెప్పాను కదండీ!" అన్నాను. నా గొంతు పెద్దదయింది.

"నీళ్ళు పొయ్యలే. తుడిచిన గంతె" అంది. "ఇంకా పీచున్నది. పెత్తరమాస నాడు పెద్దల మొఖాన దుమ్ము ఉంచుతరా? తుడవకుండ బొట్టెట్ల పెడ్తరు, టీచరమ్మా?"

మా ఇంట్లో మా ఆయన ఫోటోను కూడా నేను తుడిచాకే బొట్టు పెడతాను.

దగ్గరికి పోయి చూశాను. నుదురు, ఎడమ చెంప కింది కోరా గుడ్డ కనపడేదాకా పోయాయి. నోటి నలుపు చెదిరి పెదవుల మీదికి పాకింది. బావిలా తెరిచిన నోరు ఇప్పుడు తెరిచినట్టు లేదు. బోసి నుదుటి మీద ఎర్రగా, తడిగా, పెద్ద బొట్టు.

అంబుబాయి స్టూలు దిగి గుడ్డను చూసుకుంది. తను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. గోడకు ఆనుకుని నిలబడింది. సునంద, "అత్తమ్మా, కూసోండ్రి" అంది. కూర్చోలేదు.

"నోరు మూసుకున్నది చూడు" అంది కాసేపటికి, తనలో తనే. "ఏడ్చుడు అయిపోయినట్టున్నది."

విమలకు నేనే చెప్పాను. దాచితే లాభం లేదు. ఎంత మేర పోయిందో, ఎక్కడ పోయిందో చెప్పాను. ఆమె ఫోన్లో అంతా విన్నది. తర్వాత అడిగింది:

"బొట్టు ఎవలు పెట్టిన్రు?"

"మీ అక్క."

"తనే పెట్టిందా? మొగుడు పోయినంక అక్క ఎవలకు బొట్టు పెట్టలే." అంది విమల. "ఉండనీ అక్కా. గోడకెల్లి దించకు."

మధ్యాహ్నం పెద్దలకు పెట్టిన విస్తరి మేడ మీద పెట్టారు. కాకులు వానకు ఆలస్యంగా వచ్చాయి. గుమ్మడికాయ కూర మా దగ్గర బెల్లం వేసి చేస్తాం, ఇక్కడ పల్లీల పొడి వేశారు, నాకు అదే నచ్చింది. అంబుబాయి నాకు ఒక దుప్పటి పెట్టింది. ఒకవైపు ఎరుపు మీద తెలుపు పువ్వులు, తిప్పితే తెలుపు మీద ఎరుపు పువ్వులు. ఎటు కప్పుకున్నా ఇబ్బంది లేదంది.

సాయంత్రం నేను ఆటో ఎక్కేటప్పుడు వాడలో ఆడవాళ్ళు బతుకమ్మలు తెచ్చి నడుమ పెడుతున్నారు. మొగుళ్ళు పోయినవాళ్ళు కూడా ఇప్పుడు ఆడతారని సునంద చెప్పింది. అంబుబాయి నన్ను సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చింది. తిరిగి ఇంటికి పోయిందో, వలయం దగ్గర ఆగిందో నాకు తెలియదు. ఆటో మలుపు తిరిగింది.

పోయినవి

గొడుగు ఒకటి, రైల్లో. కళ్ళజోడు డబ్బా ఒకటి, బహుశా కొంతం చౌక్‌లో. మజ్జిగ మరక వదలని చీర ఒకటి. రాజన్న మగ్గాలు ఆగినంతసేపు నేయకుండా పోయిన గుడ్డ, అరగజం. బొమ్మలో పచ్చరంగు, అరచేయి మేర. తెరిచిన నోరు. వాటిని మళ్ళీ గీయనని విమల చెప్పింది.